కుడి కంటి లెన్సు

నా వల్ల ఒక మనిషి కన్ను పోయింది. ఏడేళ్ళయింది. పోయిన నెల వరకు ఈ మాట నేను ఎవరి ముందూ అనలేదు. అనలేదంటే మరిచిపోయానని కాదు. అన్నం తినేటప్పుడు, బందోబస్తులో నిలబడినప్పుడు, మా పాపకు కాటుక పెట్టేటప్పుడు అది నాతోనే ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. తెలిసినవాళ్ళకు చెప్పాలంటే వాళ్ళ మొహం చూడాలి.

నా పేరు రాయడం లేదు. ఆమె పేరు మార్చి, వేణి అని రాస్తున్నాను. పేరు దాచుకుని చెప్పేది కూడా తప్పు ఒప్పుకోవడమేనా అని మీరు అడగొచ్చు. నేనూ నన్ను అదే అడిగాను. అయినా రాస్తున్నాను.

అప్పుడు మాకు ఇరవై రెండేళ్ళు. అనంతపురంలో ఒక ఆడపిల్లల హాస్టల్లో ఒకే గదిలో ఉండేవాళ్ళం. ఇద్దరమూ కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నాం. నాది గుంతకల్లు దగ్గర పల్లె. నాయన లేడు, అమ్మ కూలికి పోయి నన్ను చదివించింది. వేణిది బత్తలపల్లె దగ్గర ఊరు. వాళ్ళ నాయనకు శెనక్కాయ చేను ఉంది, గొర్రెలు ఉన్నాయి. వాన రాని ఏడు చేను చేతికేమీ ఇవ్వదు. ఆ గొర్రెలతోనే ఇల్లు నడిచేది. ఆయన హాస్టలుకు వచ్చినప్పుడల్లా వేయించిన శెనక్కాయలు రెండు సంచుల్లో తెచ్చేవాడు. ఒకటి వేణికి, ఒకటి నాకు. నేను దానికంటే రెండు నెలలు పెద్దదాన్ని కాబట్టి నన్ను 'పెద్దపాపా' అని పిలిచేవాడు.

వేణి బాగా పరుగెత్తేది. మైదానంలో తెల్లవారుజామున మేము ఇరవై మందిమి పరుగు మొదలుపెడితే రెండో చుట్టుకే అది ముందుకు వెళ్ళిపోయేది. ఇబ్బందల్లా కళ్ళద్దాలతోనే. చెమటకు జారిపోయేవి. తీసేస్తే ఏమీ కనపడేది కాదు. పది అడుగుల దూరంలో ఉన్న నన్ను కూడా చున్నీ రంగును బట్టి పోల్చుకునేది. చూపు పరీక్షలో అద్దాలు లేకుండా అక్షరాలు చదవాలి. రాతపరీక్ష పాసైనా, పరుగులో అందరికంటే ముందున్నా, ఆ అక్షరాల దగ్గర ఆగిపోతానని దానికి తెలుసు.

అప్పుడే ఒక కంటి డాక్టరు దానికి ఆ లెన్సుల గురించి చెప్పాడు. మామూలువి కావు, గట్టివి. పడుకునే ముందు పెట్టుకోవాలి. నిద్రపోయేంతసేపూ అవి నల్లగుడ్డును మెల్లగా ఒత్తి దాని వంపును సరిచేస్తాయి. పొద్దున తీసేస్తే ఆ రోజంతా అద్దాలు లేకుండానే చూపు ఆనుతుంది. మానేస్తే కన్ను మళ్ళీ ఎప్పటిలా అయిపోతుంది. వాళ్ళ నాయన ఎనిమిది గొర్రెల్ని అమ్మి అవి తెప్పించాడు.

పెట్టుకోవడం మొదలుపెట్టిన పది రోజులకు, ఒక పొద్దున మిద్దె మీద నుంచి అది అరిచిన అరుపు నాకింకా గుర్తుంది. "ఏమే, ఈడికి రావే! ఆ బస్సు మీద రాసింది మొత్తం కనపడతాండాది నాకు!" నేను పరుగెత్తి వెళ్ళాను. ఇద్దరం చేతులు పట్టుకుని ఎగిరాం. నిజంగా సంతోషించాను. ఆ సంతోషం అబద్ధం కాదు. కానీ దాని కింద ఇంకేదో ఉండింది. అంతవరకు నాకున్నదీ దానికి లేనిదీ ఒక్క చూపే. ఇప్పుడు అదీ దానికి వచ్చింది. ఈర్ష్య అనే మాట అప్పుడు నేను అనుకోలేదు. ఇప్పుడు అనుకుంటున్నాను.

డాక్టరు మరీ మరీ చెప్పిన జాగ్రత్త ఒకటుంది. లెన్సుకు నీళ్ళు తగలకూడదు. చేతులు సబ్బుతో కడుక్కుని, పొడిగుడ్డతో తుడుచుకుని, ఆ తరువాతే ముట్టుకోవాలి. కడిగినా, నానబెట్టినా సీసాలోని మందుతోనే. వేణి ఆ మాట ఎంత పట్టింపుగా పాటించిందో చూసిన సాక్షిని నేనొక్కదాన్నే. దానికోసం ప్రత్యేకంగా ఒక తెల్ల తువ్వాలు పెట్టుకుంది. మందుసీసా పెట్టెలో పెట్టి తాళం వేసేది. నన్ను కూడా ముట్టుకోనిచ్చేది కాదు.

నేను ముట్టుకున్నాను.

పరుగు పరీక్షకు ఇంకా నాలుగు వారాలుంది. ఆదివారం. వేణి బట్టలు ఆరేయడానికి మిద్దె మీదికి వెళ్ళింది. లెన్సుల డబ్బాను ఆరోజు పెట్టెలో పెట్టడం మరిచి, వరండాలోని సింకు పైన, అద్దం దగ్గరి గూట్లో వదిలేసింది. చిన్న డబ్బా. కుడి కంటికొక మూత, ఎడమ కంటికొక మూత. నేను కుడి మూత తీశాను. ఎందుకు? చూడాలనిపించింది. అంత చూపు తెచ్చిపెట్టిన వస్తువు ఎలా ఉంటుందో చూడాలనిపించింది. చొక్కా గుండీ కంటే చిన్నది, లేత నీలం. వేలి కొస మీద పెట్టుకున్నాను. చూసి ఊరుకోలేదు. నా కంటికి పెట్టుకుంటే ఎలా ఉంటుందో అనుకున్నాను. నా చూపుకు ఏ లోపమూ లేదు. అయినా కంటి దాకా తీసుకెళ్ళాను. రెప్ప దానంతటదే మూసుకుంది. లెన్సు జారి సింకులో పడింది.

ఆ సింకు నాలుగు గదుల వాళ్ళు వాడేది. వెంట్రుకలు, పేస్టు నురగ, తుప్పు మరకలు. నీళ్ళు పోయే రంధ్రం అంచున లెన్సు అతుక్కుని ఉంది. ఇంకొక్క వెంట్రుకవాసి జరిగితే కిందికి పోయేది. తడి వేలితో మెల్లగా ఊడదీశాను. కుళాయి తిప్పి దాని కింద కడిగాను. రెండు రోజులకొకసారి వచ్చే ట్యాంకరు నీళ్ళు సంపులో పోసి, అక్కడినుంచి పైకి ఎక్కించేవాళ్ళు. ఆ కుళాయి మూతికి ఎప్పుడూ పాచి ఉండేది. ఆ తొందరలో చెయ్యి తగిలి డబ్బా ఒరిగింది. కుడివైపు మందు మొత్తం ఒలికిపోయింది. సీసా పెట్టెలో ఉంది. తాళంచెవి వేణి దగ్గర ఉంది. మెట్ల మీద అడుగుల చప్పుడు వినపడింది. డబ్బాను కుళాయి కింద పట్టాను. నిండింది. లెన్సు అందులో వేసి, మూత బిగించి గూట్లో పెట్టాను.

అంతా కలిపి ఐదు నిమిషాలు కూడా కాదు.

వేణి వచ్చి "మొహం కడుక్కుంటాండావా?" అని అడిగింది. ఊ అన్నాను. డబ్బాను గూట్లో చూసి నాలుక కరుచుకుని, తీసి పెట్టెలో పెట్టుకుంది.

అప్పుడు చెప్పి ఉంటే ఏమయ్యేది? నన్ను తిట్టేది. రెండు రోజులు మాట్లాడేది కాదు. డాక్టరుకు ఫోన్ చేసి ఏం చేయాలో అడిగేది. అంతే. ఈ ఏడేళ్ళలో ఆ రెండు రోజుల మౌనాన్ని నేను ఎన్నిసార్లు ఊహించుకున్నానో. ఎంత చిన్నది అది! ఆ చిన్నదానికి భయపడ్డాను.

మరునాడు పొద్దున కుడికన్ను కొంచెం మండుతోందని అంది. "దుమ్ము పడింటాదిలే," అన్నాను. చూశారా, ఊరుకోవడమే కాదు, కారణం కూడా నేనే అందించాను. దుమ్ముకు మా ఊళ్ళల్లో కొదవేముంది. అది నమ్మింది. నేను కూడా నమ్మాలనుకున్నాను. వారం తిరిగేసరికి కన్ను చింతనిప్పులా అయింది. వెలుతురు చూడలేక దుప్పటి కప్పుకుని పడుకునేది. నొప్పికి పళ్ళు బిగపట్టేది. లెన్సులు ఆపేసింది. వాళ్ళ నాయన వచ్చాడు. ముగ్గురం కలిసి ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళాం.

ఇక్కడి నుంచి ప్రతి మాటా నాకు గుర్తుంది.

డాక్టరు వేణి కన్నును చాలాసేపు చూశాడు. కుర్చీ వెనక్కి జరుపుకుని అడిగాడు. "లెన్సుకు నీళ్ళు తగిలినాయా అమ్మా? భయపడొద్దు. నాకు నిజం తెలిస్తే ఇచ్చే మందు మారుతుంది."

"లేదు సార్. ఒక్క చుక్క కూడా తగలనీలేదు."

"బాగా గుర్తుచేసుకో."

"ఒట్టు సార్. నేను అట్ల చెయ్యను."

ఆయన నావైపు తిరిగాడు. "నువ్వు అదే గదిలో ఉంటావు కదా. ఈ పాప ఎప్పుడైనా లెన్సును కుళాయి కింద కడగడం చూసినావా?"

వేణి నా చెయ్యి పట్టుకునే ఉంది. వాళ్ళ నాయన గోడకు ఆనుకుని, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నన్నే చూస్తున్నాడు.

"లేదు సార్," అన్నాను.

వేణి కడగడం నేను చూడలేదు. నిజమే. ఆయన అడిగినదానికి నేను సరిగ్గానే జవాబు చెప్పాను. నమ్మండి, కొన్నేళ్ళపాటు ఈ ఒక్క ఆధారం పట్టుకుని బతికాను. అడిగింది వేరు, నేను చేసింది వేరు, కాబట్టి అబద్ధం ఆడలేదు అని. మనసు ఎంత నీచమైన సందుల్లో దూరి దాక్కుంటుందో నాకు తెలుసు.

ఇంకొక ప్రశ్న ఉంది. దాన్ని రాయకుండా దాటేస్తే ఈ రాతంతా దండగ. పరుగు పరీక్షకు అప్పటికి మూడు వారాలే ఉంది. వేణి లేకపోతే నాకు ముందు ఒక మనిషి తగ్గుతుంది. ఆ 'లేదు' అన్న క్షణంలో ఈ ఆలోచన నాలో ఉందా? లేదని మా పాప మీద ఒట్టేయమంటే వేయలేను. ఉందని కూడా చెప్పలేను. డబ్బాలో నీళ్ళు పట్టినప్పుడు మాత్రం భయం తప్ప ఇంకేమీ లేదు. డాక్టరు ముందు ఏముందో నాకే తెలియదు.

డాక్టరు మామూలు పుండుకు ఇచ్చే చుక్కల మందు రాశాడు. గంటకొకసారి వేయాలి. ఆ చుక్కలు వేసింది నేనే. వేణి తల నా ఒళ్ళో పెట్టుకుని, రెప్ప ఎత్తి, ఒక్కొక్క చుక్క. పనిచేయని మందు అని తెలియదు నాకు. కానీ డాక్టరుకు తెలియాల్సింది నా దగ్గర ఉందని తెలుసు. చుక్క వేస్తున్నప్పుడు చెప్పొచ్చు. ప్రతి గంటకూ ఒకసారి చెప్పొచ్చు. చెప్పలేదు.

దాదాపు మూడు వారాల తరువాత నల్లగుడ్డు మీద తెల్లటి వలయం కనిపించింది. డాక్టరు భయపడి బెంగళూరులో ఒక పెద్ద ఆసుపత్రికి పంపాడు. అక్కడ కన్నును గీకి పరీక్ష చేసి, నీళ్ళల్లో బతికే ఒక పురుగు అని చెప్పారట. కంటికి ఆనని పురుగు. మొదటి వారంలోనే వచ్చి ఉంటే, నీళ్ళు తగిలిన సంగతి చెప్పి ఉంటే కన్ను దక్కేదేమో అన్నారట. ఈ మాటలు వేణి వాళ్ళ నాయన ఫోన్లో నాతో చెప్పాడు. "కడిగింటాది పెద్దపాపా. నీళ్ళతోనే కడిగింటాది. మనకు భయపడి చెప్పలేదు. చేతులారా పోగొట్టుకునె," అని ఏడ్చాడు.

ఆయన ఆ ఫోన్ చేసిన రోజు పొద్దున్నే నేను పరుగు పరీక్ష పాసయ్యాను.

కంట్లో పువ్వు, ఆ తెల్ల మచ్చ, మిగిలిపోయింది. ఏడాదికి పైగా మందులు వాడారు. ఇప్పుడు కుడి కంటికి వెలుతురూ చీకటీ తెలుస్తాయి, అంతే. నాకు ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, పాప పుట్టింది. వేణి పెళ్ళి వద్దంది. వాళ్ళ ఊరికి దగ్గర్లో పెట్రోలు బంకులో పనికి కుదిరింది. పండక్కో పబ్బానికో ఫోన్ చేసుకునేవాళ్ళం. చేసేది ఎక్కువగా అదే. నేను తప్పించుకునేదాన్ని.

నాలుగు నెలల క్రితం నాకు ఆ దగ్గరి స్టేషనుకు బదిలీ అయింది. పోయిన నెల ఒక మధ్యాహ్నం స్కూటర్లో పెట్రోలు పోయించుకోవడానికి ఆ బంకు దగ్గరే ఆగాల్సి వచ్చింది. నల్ల అద్దాలు పెట్టుకుని, చేతిలో పైపుతో వేణి నిలబడి ఉంది. యూనిఫారంలో నన్ను చూసి దాని మొహం వెలిగిపోయింది. తోటి పనివాళ్ళను పిలిచింది. "ఇది నా దోస్తు. నాకు కన్ను పోయినప్పుడు రేయీ పగలూ మందు చుక్కలేసింది ఇదే. ఇది లేకుంటే నేను చచ్చిపోయిందును," అని చెప్పింది.

నన్ను వెనకవైపు నీడకు తీసుకెళ్ళి టీ ఇప్పించింది. ఆ మాటా ఈ మాటా అయ్యాక తనే అంది. "తొలుత నేను నీళ్ళు తగల్లేదు తగల్లేదు అని ఒట్లేసినా కదా. ఇప్పుడు ఆలోచన చేస్తే, యాడనో తప్పు చేసింటానే. చెయ్యి సరిగ్గా తుడుచుకోలేదేమో. నా చేతుల మీద నాకే నమ్మకం లేదు ఇప్పుడు. మా అన్న కొడుకును ఎత్తుకోవల్లన్నా భయమే."

అంతవరకు కన్ను మాత్రమే తీసుకున్నాననుకున్నాను. తన మాటను కూడా తీసుకున్నానని అప్పుడు తెలిసింది. అది నిజం చెప్పింది. చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఏడేళ్ళు కాదు కాదంటే, చివరికి తనే తనను కాదనుకుంది.

చెప్పేశాను. ఆదివారం, గూడు, సింకు, కుళాయి, డబ్బా. వరుసగా చెప్పాను. డాక్టరు ముందు అన్న మాటను కూడా దాచలేదు.

బంకులోకి ఒక లారీ వచ్చింది, పోయింది.

"డాక్టరు నిన్ను అడిగినప్పుడు నీ చెయ్యి నా చేతిలోనే ఉండె," అంది. తిట్టలేదు. తిడితే బాగుండునని కాచుకుని కూర్చున్నాను.

"పా. మా నాయనకు చెప్పు. ఇప్పుడే."

వాళ్ళ ఇంటికి స్కూటరు మీద పది నిమిషాల దారి. వెనక కూర్చున్న వేణి నన్ను పట్టుకోలేదు. వెనక కమ్మీ పట్టుకుంది. వాళ్ళ నాయన కొట్టం ముందు గొర్రెలకు నీళ్ళు పెడుతున్నాడు. బాగా వంగిపోయాడు. నన్ను చూసి "రా పెద్దపాపా, ఎన్నాళ్ళకు," అన్నాడు. మంచం వాల్చాడు. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. మొదట ఆయనకు అర్థం కాలేదు. "ఏమంటాండావు పాపా?" అని రెండుసార్లు అడిగాడు. మూడోసారి మొత్తం చెప్పాను.

ఆయన కూతురివైపు తిరిగాడు. "నువ్వు ఒట్టేసి చెప్తివి కదమ్మా. నేను నమ్మకపోతిని. వచ్చినోళ్ళకంతా నేనే చెప్పుకుంటిని, చేతులారా పోగొట్టుకునిందని," అని దాని రెండు చేతులూ పట్టుకున్నాడు. వేణి నల్ల అద్దాలు తీసి పక్కన పెట్టి ఏడ్చింది. ఇన్నేళ్ళలో నా ముందు అద్దాలు తీయడం అదే మొదటిసారి. ఆ తెల్లటి పువ్వును నేను సరిగ్గా చూసింది అప్పుడే.

నన్ను కూర్చోమనిగానీ పొమ్మనిగానీ ఎవరూ అనలేదు. అక్కడ నేను లేనట్టే ఉన్నారు. కొంతసేపు నిలబడి వచ్చేశాను. గేటు దాటుతుంటే వేణి వెనక నుంచి అంది. "ఊరంతా నాదే తప్పనుకుంటాండారు. ఎంతమందికని చెప్తావు పోయి?"

తరువాత నేను చేసిన ఫోన్లు ఎత్తలేదు. ఎత్తకపోవడమే న్యాయం. క్షమించమని నేను అడగలేదు. అడిగితే ఆ బరువు కూడా దాని నెత్తినే పెట్టినట్టవుతుంది. మా ఆయనకు చెప్పాను. ఆయన నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. ఇంకా అలాగే చూస్తున్నాడు. వేణి ఉన్న ఊళ్ళో ఇంటింటికీ పోయి చెప్పే ధైర్యం నాకింకా రాలేదు. వస్తుందో రాదో మాట ఇవ్వను. వేణి అడిగినదానికి జవాబుగా ఈ రాత చాలదని తెలుసు. ఏమీ లేనిదానికంటే ఇది ఎక్కువ అని కూడా అనిపించడం లేదు.

కానీ మొన్న ఒకరోజు, బంకులో పనిచేసే అమ్మాయి స్టేషనుకు ఏదో పని మీద వచ్చింది. వేణి ఎలా ఉందని అడిగాను. వాళ్ళ అన్న కొడుకును బంకుకు తెచ్చుకుందట. పొద్దంతా చంకలో వేసుకుని తిరిగిందట. నేను లోపలికి వెళ్ళి, తలుపు వేసుకుని కాసేపు కూర్చున్నాను. ఆ నమ్మకం నేను ఇచ్చింది కాదు. దానిదే. నేను తీసుకుని ఏడేళ్ళు దాచుకున్నది.

లెన్సు తీసింది నేను. నీళ్ళు పోసింది నేను. డాక్టరు అడిగితే లేదన్నది నేను. వేణి తప్పేమీ లేదు.

ఇంతే. రాసేశాను.